గడ్డకట్టని కొబ్బరినూనె

ఆ ఏడు చలికాలమంతా మా అమ్మ కొబ్బరినూనె గురించే గొప్పలు పోయింది. జంషెడ్‌పూర్ చలికి ఎవరింట్లోనైనా కొబ్బరినూనె సీసాలోనే బిగుసుకుపోతుంది. పొద్దున్నే సీసాను ఎండలో పెట్టాలి, లేదా వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టాలి, అంత ఓపిక లేనివాళ్లు పుల్ల పెట్టి తవ్వుకోవాలి. అమ్మ తెచ్చిన నూనె మాత్రం జనవరిలో కూడా నీళ్లలా పారుతోంది.

"మా ఉద్దానం కాయ మరి. కల్తీ నూనైతే పేరుకుంటాది గానీ అసలు సరుకు పేరుకోదు" అని బాగ్‌బేరాలో మా వీధి వీధికీ పాఠం చెప్పింది. అసలు సంగతి దీనికి సరిగ్గా తలకిందులని నాకు తెలుసు. అయినా నోరు మూసుకున్నాను, ఎందుకంటే నా తలకూ అదే నూనె, నా జుట్టు నిజంగానే మెరిసిపోతోంది. పక్కింటి చాచీ ఒక గిన్నెడు అడిగి పట్టుకుపోయింది. ఆవిడ జుట్టూ మెరిసింది. అమ్మ ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

ఆ నూనె ఎందుకు గడ్డకట్టలేదో చెప్పాలంటే ముందు మా నాన్న లేత్ గురించి చెప్పాలి.

నాన్న స్టీల్ ప్లాంటులో చేరిన రోజు నుంచి రిటైరైన రోజు దాకా ఆయిల్‌మాన్‌గానే పనిచేశాడు. ఏ బేరింగుకి నూనె, దేనికి గ్రీజు, ఎక్కడ చుక్క, ఎక్కడ చెంబుడు అన్నదే ఆయన చదువు. "నా సేతికింద ఒక్క మిషనూ జామవనేదు" అనేది ఆయన బిరుదు. ఎవరిచ్చారంటే ఆయనే ఇచ్చుకున్నాడు. పెళ్లిలో భోజనాల బంతి దగ్గర కూడా ఆ మాట తేకుండా లేవడు. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక ఒక పాత లేత్ కొని ఇంటి వెనక రేకుల షెడ్డులో పెట్టాడు. ఇనప ముక్కను చక్కు అనే పట్టులో బిగించి గిరగిరా తిప్పుతూ ఉలితో చెక్కే యంత్రం అది. చుట్టుపక్కల గ్యారేజీలకు బుష్‌లు, పిన్నులు చేసి ఇచ్చేవాడు.

రేకుల షెడ్డులో ఇనుమును కాపాడటమంటే మాటలు కాదు. వానాకాలంలో మా దగ్గర గోడలకే చెమట పడుతుంది. సాయంత్రం తుడవకుండా వదిలేసిన బెడ్డు మీద, అంటే లేత్ కింది పొడవాటి ఇనప పీట మీద, పొద్దుటికల్లా పసుపు చల్లినట్టు తుప్పు కనిపిస్తుంది. అందుకని నాన్నకు బోలెడు నియమాలు ఉండేవి. పని అవగానే ఇనప రజను దులపాలి, కిరసనాయిలుతో తుడవాలి, ఆరాక పల్చగా నూనె పట్టించాలి. మెరిసే చోట వట్టి చేత్తో ముట్టుకోకూడదు. కొందరి చెమటకు ఇనుము అస్సలు ఆగదు, నా చెయ్యి ఆ జాతిది. నా వేలిముద్రలు మర్నాటికి ఎర్రగా తేలేవి. "ఇదుగో, మీ అమ్మాయి సంతకం" అని అమ్మను పిలిచి మరీ చూపించేవాడు. పనిముట్ల సొరుగులో తుప్పు పట్టకుండా కర్పూరం బిళ్లలు పెట్టేవాడు. అమ్మ హారతి వేళకు అందులోంచి ఒకటి లాగేసేది. ఆ కర్పూరం మీద వాళ్లిద్దరికీ ఏళ్ల తరబడి తగాదా.

నేను సిద్ధగోరాలో ఒక స్కూటర్ల సర్వీస్ సెంటర్‌లో కౌంటర్ మీద కూర్చుంటాను. బళ్లు ఇచ్చేవాళ్ల కోపాలు వినడం నా ఉద్యోగం. నాకూ తక్కువ కోపం లేదు, కాబట్టి వారమంతా మింగుకుని ఆదివారం షెడ్డులో కక్కేసేదాన్ని. ఉలి ఆనించగానే ఇనుము ఉంగరాలు ఉంగరాలుగా ఊడిపడుతుంటే ఆ వారం తిట్లన్నీ దిగిపోయేవి. ఆ లేత్ అంటే నాకు పిచ్చి. ఇంకో మాట లేదు.

ఆ చలికాలం ముందు నాన్నకు కళ్లల్లో పొర కమ్మింది. ఆపరేషన్ అన్నారు. చేతులు కూడా కొద్దిగా వణకడం మొదలైంది. ఆపరేషన్‌కి వెళ్లేముందు, దీపావళి అయ్యాక, నాన్న లేత్‌ను పడుకోబెట్టాడు. అంటే పాత నూనె అంతా తీసేసి, గేర్ల పెట్టెలోనూ బేరింగుల పైనుండే చిన్న గిన్నెల్లోనూ కొత్త నూనె నింపి, బెడ్డుకూ స్క్రూకూ దట్టంగా పట్టించి, పాత చీర కప్పాడు. ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. ఆపరేషన్ బాగానే జరిగింది. కానీ ఇంటికొచ్చాక ఒకరోజు అన్నం తింటూ, "ఇంక నాను సెయ్యలేను. ఊరికే ఉంచితే తుప్పట్టిపోతాది. అమ్మెత్తాను" అన్నాడు.

నాకివ్వు అనాలి. కానీ అడగడం నా ఒంటికి పడదు. ఆయన అంతట ఆయనే ఇవ్వాలని నా పంతం. ఇంట్లో వాళ్లు తెలుగులో ఏమడిగినా హిందీలో జవాబివ్వడం నాకు అలవాటు, ఆ రోజూ "ఆప్‌కీ మర్జీ" అని కంచం ఎత్తుకుని లేచిపోయాను. నీ ఇష్టం అన్నాను కదా, ఆయన ఇష్టప్రకారమే జుగ్సలాయి నుంచి పాత యంత్రాలు కొనే సేఠ్‌కు కబురు పంపాడు.

సేఠ్ జనవరిలో ఒక ఆదివారం పొద్దున్నే వచ్చాడు. ముందురోజు రాత్రంతా చలి ఎముకలు కొరికింది. షెడ్డు రేకుల మీంచి మంచు నీళ్లు కారుతున్నాయి. ఆయన మెడకు మఫ్లర్ చుట్టుకుని, చేతులు జేబుల్లోంచి తియ్యకుండానే, నడిపి చూపించమన్నాడు. నడిచేదైతేనే కొంటాడట, నడవనిది తనకు వద్దట. నాన్న చీర తీశాడు. పెళ్లికూతురి మేలిముసుగు తీసినంత సంబరంగా తీశాడు. స్విచ్చి నొక్కాడు.

మోటారు గుర్రుమంది. బెల్టు కీచుమని ఒక్క అరుపు అరిచి జారింది. చక్కు కదల్లేదు. నాన్న చేత్తో తిప్పబోయాడు. కదల్లేదు. పక్కనున్న హ్యాండిల్ పట్టుకుని ఊగాడు, దానికీ చలనం లేదు. సేఠ్ నాలుక చప్పరించి, జామ్ అయిపోయిందే చాచా, అన్నాడు.

ఆ మాట మా నాన్నతో అన్నాడు. నేను గోడకు ఆనుకుని లోపల్లోపల సంతోషించాలా, నాన్న ముఖం చూసి ఏడవాలా తెలియక నిలబడ్డాను. నాన్న చెవులు ఎర్రబడ్డాయి. నాలుగింటికి టెంపో తీసుకుని రండి సేఠ్‌జీ, నడిస్తే అది మీదే, ఇది నా మాట, అని హిందీలో గట్టిగా చెప్పాడు. సేఠ్ సరేనని వెళ్లిపోయాడు.

"పానా ఇలాగియ్యి" అన్నాడు నాన్న. ఇచ్చాను. ఆయన చెయ్యి కోపంతో వణుకుతోందో మామూలుగా వణుకుతోందో తెలియక నేనే తీసుకుని గేర్ల పెట్టె మూత విప్పాను. లోపల నూనె లేదు. తెల్లగా, నున్నగా, కూజాలో పేరుకున్న నెయ్యిలా ఏదో ఉంది. గేర్లు అందులో పీకల దాకా కూరుకుపోయి ఉన్నాయి. బేరింగుల పై గిన్నెల్లోనూ అదే తెలుపు. బెడ్డు మీద గోటితో గీస్తే మైనంలా లేచింది.

టీ పట్టుకొచ్చిన అమ్మ తొంగి చూసింది. "ఏటే అది, గ్రీజా?"

నేను వేలితో తీసి వాసన చూశాను. మళ్లీ చూశాను. వేలు అమ్మ ముక్కు దగ్గర పెట్టాను.

"ఇది మా ఉద్దానం నూనె కదే" అంది అమ్మ, చుట్టాన్ని గుర్తుపట్టినంత ప్రేమగా. తరవాత ఆమె కళ్లు చిన్నవయ్యాయి. తరవాత ఆమె చెయ్యి మెల్లగా, చాలా మెల్లగా, తన తల మీదికి వెళ్లింది. "మరి నాను తలకి రాత్తన్నదేటి?"

సంగతేమిటంటే, మా ఇంట్లో డబ్బా పారెయ్యడమన్నది లేదు. నాన్న జుగ్సలాయిలో కొనే మెషిన్ ఆయిల్ నీలం డబ్బాలకు మూత గట్టిగా పడుతుంది. ఖాళీ అవగానే అమ్మ సోడా నీళ్లతో మూడుసార్లు కడిగి దాచుకుంటుంది. మా ఇంట్లో మరమరాలు, కందిపప్పు, శనగపిండి, అన్నీ మెషిన్ ఆయిల్ డబ్బాల్లోనే. దసరాకు అమ్మ మా పెద్దమ్మను చూడటానికి ఉద్దానం వెళ్లి, రైల్లో ఒలకకూడదని కొబ్బరినూనె అలాంటి డబ్బాలోనే పోయించుకుని తెచ్చింది. వంటింట్లో చోటు లేక షెడ్డు మూల పెట్టింది. ఆ మూలే నాన్న కొత్త డబ్బా. రెండూ నీలమే. దీపావళి వేళకు కొబ్బరినూనె ఇంకా పల్చగానే ఉంది. నాన్న కళ్లకు పొర. వాసన పట్టాలంటే ముక్కు నశ్యానికి అలవాటు పడి ఎప్పుడో ఉద్యోగం మానేసింది. ఆయన ఉద్దానం డబ్బా ఎత్తి లేత్‌కు పోశాడు. మిగిలిన డబ్బాను అమ్మ వంటింట్లోకి తెచ్చి, అందులోంచి కొంత తీసి, మెంతులు, మందారాకు, నాన్న సొరుగులోంచి తీసిన కర్పూరం వేసి కాచింది. ఆ ఘాటులో ఏ వాసన దేనిదో బ్రహ్మకు కూడా తెలియదు.

నాన్న స్టూలు మీద కూలబడ్డాడు. "నూనె మనిషినై ఉండి నూనె పోల్చుకోనేకపోయాను" అన్నాడు.

"ఆ ఏడుపు తరవాత. ముందు ఇది సెప్పండి, నా నెత్తి మీదున్నదేటి?" అంది అమ్మ.

నాన్న కాసేపు ఆలోచించాడు. ఆయన్ని నూనె గురించి అడిగితే తప్పు చెప్పలేడు. "స్పిండిల్ ఆయిలు" అన్నాడు. ఇంకాసేపాగి, "మంచి గ్రేడే" అన్నాడు.

నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. నవ్వు ఎక్కడ మొదలైందో తెలియదు, పక్కలు పట్టేసినా ఆగలేదు. "ఓలమ్మ, పక్కింటామెకి కూడా ఇచ్చీసినాను కదండీ" అని అమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "ఇంకేటి, ఆవిడ నెత్తి ఈ జన్మకి తుప్పట్టదు" అన్నాడు నాన్న. అని, తన మాటకు తనే కిసుక్కుమన్నాడు. ఆపరేషన్ తరవాత నాన్న నవ్వడం అదే మొదటిసారి. ఒకసారి మొదలెట్టాక పొట్ట పట్టుకుని దగ్గు వచ్చేదాకా నవ్వాడు. అమ్మ కోపంగా చూడబోయి తనూ ఓడిపోయింది. ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం, మళ్లీ మొదలెట్టడం. టీ చల్లారిపోయింది.

తరవాత పని మొదలైంది. చలికి కాళ్లు కాచుకునే మట్టి కుంపటి, మేం బోర్సీ అంటాం, అమ్మ దాన్ని బొగ్గులతో నింపి తెచ్చి గేర్ల పెట్టె కింద పెట్టింది. బాలింత మంచం కింద కుంపటి పెట్టినట్టే పెట్టింది, పైన దుప్పటి కూడా కప్పింది. పైనుంచి ఎండకు రేకులు కాగుతున్నాయి. నేను చెక్క అట్లకాడతో తెల్ల ముద్దను గీకి గిన్నెలోకి తీస్తున్నాను. షెడ్డంతా ఆదివారం తలంటు వాసన. ఆ తెలుపు కింద బెడ్డు తళతళమంటూ బయటపడింది, ఎక్కడా ఒక్క ఎర్ర చుక్క లేదు.

"సూసినారా, మా ఊరి నూనె. తుప్పు దగ్గరికి రాలేదు" అంది అమ్మ.

"ఒక్క ఎండాకాలం ఉంచితే జిగురైపోయి గేర్లు ఒకదాన్నొకటి వదలవు" అన్నాడు నాన్న. అని, అమ్మ చూడనప్పుడు, బెడ్డు మీద వేలు రాసి చూసి మెచ్చుకోలుగా తలాడించాడు.

కరిగిందంతా తీసేసి కిరసనాయిలుతో కడిగాం. అమ్మ వంటింట్లోంచి నీలం డబ్బా తెచ్చి అప్పగించింది. అందులో ఇంకా సగం ఉంది. కాచిన సీసా కూడా తెస్తే నాన్న, "మెంతుల్ది వద్దులే" అన్నాడు. ఈసారి డబ్బాలోని నూనె నా అరచేతిలో పోసి, వాసన నన్ను చూడమని, రంగు అమ్మను చూడమని, జారుడు తను వేళ్ల మధ్య చూసుకుని, ముగ్గురి సాక్ష్యం కుదిరాకే గిన్నెల్లో పోశాడు.

స్విచ్చి నేనే నొక్కాను. చక్కు ఒక్క క్షణం ఆలోచించి, తిరిగింది. ఆ తిరగడం చూడాలి. ఎక్కడా గరగర లేదు, వణుకు లేదు. నాన్న కళ్లు మూసుకుని చెవి అటు పెట్టాడు. ఒక కడ్డీ బిగించి ఉలి ఆనించాను. ఉంగరం తరవాత ఉంగరం, నీలం మెరుపుతో, పొగతో, నా కాళ్ల మీద పడుతోంది. నేను అరిచానట, గెంతానట, అమ్మ చెయ్యి పట్టుకుని తిప్పానట. నాకు గుర్తులేదు. గుర్తున్నదల్లా, మిషన్ ఆపగానే వచ్చిన నిశ్శబ్దంలో, గోడ గడియారం వైపు నాన్న చూడటం. నాలుగు కావస్తోంది. మేం ముగ్గురం ఇంత చెమటోడ్చి దాన్ని జుగ్సలాయి పంపడానికి ముస్తాబు చేశాం.

నా పంతం అక్కడితో తెగిపోయింది. హిందీ కూడా ఎటో పోయింది. నోట్లోంచి తెలుగే వచ్చింది.

"నాన్నా, దీన్ని అమ్మకు."

"నాకా? నాకెందుకే ఈ ఇనుం" అంది అమ్మ.

ఏడుస్తున్నదాన్ని నవ్వాను, నవ్వుతూనే మళ్లీ ఏడ్చాను. "నీకు కాదమ్మా. అమ్మొద్దు అంటన్నాను. నాకు కావాల నాన్నా. ఆదివారాలు సేత్తాను. తరవాత ఉద్యోగం మానీసి ఇదే సేత్తాను. నాకు కావాల."

నాన్న నా వైపు తిరిగాడు. "ఆ మాట అన్నం దగ్గర సెప్పొచ్చు కదా."

"నువ్వు అడగొచ్చు కదా."

"నీకు మంచి ఉద్యోగం ఉంది, ఈ మసి నీకెందుకనుకున్నాను." ఆయన గొంతు కిందికి దిగింది. "ఇప్పుడేటి సేత్తాం. నడిత్తే నీదేనని ఆడికి మాటిచ్చీసినాను."

మా నాన్న మాటిచ్చి తప్పినవాడు కాదు. నాకు తెలుసు, అమ్మకు తెలుసు. నేను ఉంగరాలు ఊడ్చాను. అమ్మ బోర్సీ బయటికి తీసుకుపోయింది. వీధి మొదట్లో టెంపో హారన్ వినిపించింది.

అప్పుడు నాన్న లేచి, లేత్ వెనక్కి వెళ్లి, ఒక లివరు నెట్టాడు. నేరుగా తిప్పే గేరు తియ్యకుండా, నెమ్మదిగా తిప్పే వెనక గేరు కూడా వేస్తే రెండూ పోట్లాడుకుని చక్కు బిగుసుకుపోతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు మొదటి రోజే చెప్పే జాగ్రత్త. నాకు చెప్పింది ఆయనే. లివరు నెట్టి, నా వైపు చూడకుండా, పాత చీర అందుకుని చేతులు తుడుచుకున్నాడు.

సేఠ్ వచ్చాడు. చక్కు పట్టుకుని తిప్పబోయాడు. రెండు చేతులతో ప్రయత్నించాడు. కొండను తిప్పినట్టే ఉంది.

"జామ్ హో గయా, సేఠ్‌జీ" అన్నాడు నాన్న. "గల్తీ మేరీ హై."

తప్పు నాదే అని ఆయన నోట వినడం ఆ షెడ్డులో ఎవరికీ అలవాటు లేదు. సేఠ్‌కు ఆయన ఎవరో, జీవితమంతా ఏం చేశాడో తెలియదు. మంచివాడు, కోప్పడలేదు. పైగా పెద్దాయన మీద జాలిపడి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. చూడండి చాచా, యంత్రానికి అప్పుడప్పుడు నూనె పెడుతూ ఉండాలి, అన్నాడు. నూనె వేరు, గ్రీజు వేరు, అన్నాడు. వానాకాలంలో కప్పి ఉంచాలి, లేకపోతే తుప్పు పడుతుంది, అన్నాడు. ఏ నూనె పడితే ఆ నూనె పొయ్యకూడదు, తెలిసినవాళ్లనెవరినైనా అడగాలి, అని కూడా అన్నాడు. అమ్మ నోరు తెరిచింది, నాన్న ఒక్క చూపు చూసేసరికి మూసుకుంది. నేను చున్నీ కొస నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగాను.

నాన్న చేతులు కట్టుకుని, ప్లాంటులో ఆ రోజే చేరినవాడిలా నిలబడి, ప్రతి మాటకూ తల ఊపాడు. "జీ, సేఠ్‌జీ" అన్నాడు. ఇకపై నేర్చుకుంటాం, అన్నాడు.